మిరప కళ్లంలో లైటు ఓడ

ఓడ అన్నాక నీళ్లలో ఉంటది. అంగన్‌వాడీ పిల్లల్ని అడిగినా చెబుతారు. రేగడిపాలెం పంచాయతీని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ల ఓడ మిరప చేల మధ్యలో, హైవేకి అర కిలోమీటరు లోపల, ఎనిమిది సిమెంటు దిమ్మెల మీద ఎక్కి కూర్చుంది. సముద్రం అక్కడికి నలభై ఐదు కిలోమీటర్లు. సముద్రానికి రావటం కుదరలేదు కాబట్టి ఓడే వచ్చింది.

పోనీ అదన్నా మామూలు ఓడా అంటే కాదు, లైటు ఓడ. సముద్రంలో కొన్నిచోట్ల నీళ్ల కింద ఇసుక దిబ్బలుంటయ్. పైకి కనపడవు. లైట్‌హౌసు కడదామంటే అక్కడ నేల లేదు. అందుకని ఒక ఓడని తీసుకెళ్లి, లంగరేసి, గొలుసుతో కట్టేసి, స్తంభం మీద పెద్ద దీపం పెట్టి, మిగతా ఓడలకి ఇటు రాబాకండని చెప్పిస్తారు. దానికి ఇంజను ఉండదు. ఎక్కడికీ పోదు. పోకుండా ఉండటమే దాని ఉద్యోగం. యాభై మూడేళ్లు ఒక్క అడుగు ముందుకెయ్యకుండా సర్వీసు చేసింది. అట్టా సర్వీసు చేసినోళ్లు గవర్నమెంటులో ఇంకా చాలామంది ఉన్నారు గానీ, మంచి పేరు తెచ్చుకుంది మాత్రం ఇదొక్కటే.

ఆ యాభై మూడేళ్లలో ఇరవై తొమ్మిదేళ్లు దాని దీపం చూసుకున్నవాడు ఫిలిప్. రేగడిపాలెం చర్చి వీధివాడే. వాళ్ల నాన్న పత్తి చేలకి కూలికి పోయేవాడు, అమ్మ మిరపకాయలు కోసేది. ఫిలిప్ టెన్తు తప్పి సముద్రంలో పడ్డాడు. నెల రోజులు ఓడ మీద, నెల రోజులు ఇంట్లో. "పెళ్లయి నలభై ఏళ్లంటారు గానీ, మా కాపురం లెక్కకి పాతికేళ్లే వదినా. మిగతాది దాంతో చేసొచ్చాడు," అని వాళ్లావిడ రెబ్కా చర్చి మెట్ల మీద కనపడినవాళ్లందరికీ చెప్పేది.

తర్వాత ఓడలకి కూడా ఫోన్లలో దారి చూపించే కాలం వచ్చింది. లైటు ఓడ పని అయిపోయింది. దాన్ని ఒక ఉప్పుకాలవలోకి లాగి వదిలేశారు. పద్నాలుగేళ్లు బురదలో పడుంది. ఫిలిప్ రిటైరై ఇంటికొచ్చాడు. వచ్చాడన్న మాటే గానీ, సాయంత్రం ఆరయ్యేసరికి లేచి మేడెక్కి ట్యూబ్‌లైటు వేసి, తెల్లారి ఆరింటికి ఆర్పేవాడు. కరెంటు పోతే కంగారుపడేవాడు.

అప్పుడొక సభలో ఒక మంత్రిగారు, ఇంకేం చెప్పాలో తోచక, ఈ ఓడని మ్యూజియం చేస్తాం అనేశాడు. సముద్రం ఒడ్డున రెండు ఊళ్లు ఓడ మాదంటే మాదని కొట్టుకుని కోర్టుకెళ్లినయ్. ఈ సందులోకి రేగడిపాలెం ప్రెసిడెంటు వీరబాబు దూరాడు.

"కోర్టు తేల్చేలోపల తుప్పు తేల్చేస్తదండీ. మా ఊళ్లో పంచాయతీ స్థలం ఖాళీగా ఉంది. పక్కనే హైవే. సముద్రంలో ఏముంది, ఉప్పునీళ్లేగా?"

పై ఆఫీసువాళ్లకి ఇది చాలా తెలివైన మాటలా వినపడింది. అరవై నాలుగు చక్రాల ట్రైలరెక్కించారు. దారిపొడుగునా కరెంటు తీగలు విప్పుకుంటా వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ పదకొండు ఊళ్లలో సీరియళ్లు రాలేదు. చివరి ఆరు కిలోమీటర్లు ఫిలిప్ ఎర్రజెండా పట్టుకుని ట్రైలరు ముందు నడిచాడు. పెళ్లిలో కూడా అంత ముస్తాబు కాలేదని రెబ్కా సాక్ష్యం చెప్పింది.

దించేటప్పుడు గొడవొచ్చింది. వీరబాబు ఒక వాస్తు ఆయన్ని పిలిపించాడు. ఆయన చేత్తో దిక్సూచి పట్టుకుని ఓడ చుట్టూ మూడుసార్లు తిరిగి, ముక్కు ఈశాన్యానికి ఉండాలన్నాడు. సరే, ముక్కు మంగళగిరి కొండ వైపు తిప్పారు. ఏ ఓడా పోవటానికి ఇష్టపడని దిక్కు. తర్వాత ఆయన బరువు నైరుతిలో ఉండాలన్నాడు. ఓడలో అన్నిటికంటే బరువు లంగరు. రెండు టన్నులు. దాన్ని ముక్కు దగ్గర్నించి విప్పి, క్రేనుతో ఎత్తి తీసుకెళ్లి, ఓడ వెనకాల తోక దగ్గర పెట్టారు.

"అయ్యా, లంగరు ముందుండాలండీ," అన్నాడు ఫిలిప్. "ముక్కు పట్టుకుంటేనే ఓడ గాలికి ఎదురు తిరిగి నిలబడుద్ది. తోక పట్టుకుంటే మునుగుద్ది."

"అది సముద్రంలో ఫిలిప్పూ. ఇప్పుడిది ఇల్లు," అన్నాడు వీరబాబు. ఆ వారమే 'ప్రపంచంలోనే వాస్తు ప్రకారం ఆగిన ఏకైక ఓడ' అని ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో ఓడ బొమ్మ అగ్గిపెట్టంత, వీరబాబు బొమ్మ తలుపంత.

ఎర్రరంగు వేశారు. దీపం తుడిచారు. ఫిలిప్‌ని కాపలాదారుగా పెట్టి, చేతికి సందర్శకుల పుస్తకం ఇచ్చారు. పేరు, ఊరు, వచ్చిన పని, సంతకం. నాలుగు గడులు. అదే ఫిలిప్‌కి బాగా నచ్చింది. ఓడ మీద నాలుగ్గంటలకోసారి గాలి ఎటుందో, చూపు ఎంతదూరం ఆనుద్దో లాగ్‌బుక్కులో రాసినవాడు. చెయ్యి ఊరుకోలేదు. మొదటిరోజే మొదలుపెట్టాడు: 'ఉదయం ఎనిమిది. గాలి తూర్పు. చూపు బాగుంది. సందర్శకులు: లేరు. మధ్యాహ్నం పన్నెండు. గాలి లేదు. చూపు బాగుంది. గేదెలు: నాలుగు. సందర్శకులు: లేరు.'

సెప్టెంబరు నుంచి జనవరి దాకా మొత్తం పంతొమ్మిది మంది వచ్చారు. ఫిలిప్ అందర్నీ వచ్చిన పని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాశాడు. లారీ డ్రైవర్లు ఇద్దరు: నీడకి. ఒక కొత్త జంట: ఫోటోకి. ఒక పెద్దమనిషి: నల్లపాడు ఎటో అడగటానికి. ఒక ఎల్‌ఐసీ ఏజెంటు: ఫిలిప్ కోసం. మిగతావాళ్లది రాయటానికి సిగ్గుపడి 'అత్యవసరం' అని రాశాడు. 'ఓడ చూడటానికి' అన్న మాట పుస్తకంలో ఒక్కచోట కూడా లేదు.

సంక్రాంతి వెళ్లిన మర్నాడు పై ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. మార్చి నెలాఖరులోపు పుస్తకంలో రెండువేల సంతకాలు కనపడాలి. కనపడకపోతే మ్యూజియం ఎత్తేసి, ఓడని తుక్కు కింద కోయించేస్తారు.

ఫిలిప్ ఆ కాయితం చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, దీపం దగ్గరికెక్కి కూర్చున్నాడు. ఓడల్ని ఎట్టా కోస్తారో ఒకసారి చూశాడు. ముందు స్తంభం కోస్తారు. గ్యాసు మంట పెట్టి, అడ్డంగా. పడేటప్పుడు అది పెద్దగా చప్పుడేం చెయ్యదు. అప్పుడు మూడు దినాలు అన్నం సయించలేదు, అదీ తనది కాని ఓడకి.

వీరబాబు మాత్రం నవ్వుకుంటా వచ్చాడు, చంకలో కాయితాల కట్టతో.

"ఇదిగో ఓటర్ల లిస్టు. ఊళ్లో పద్దెనిమిది వందల నలభై ఓట్లు. పక్క పాలెంలో మనవాళ్లు ఓ రెండొందలు. కూర్చుని ఎక్కించెయ్. వారంలో అయిపోద్ది."

"అందులో పోయినోళ్లు కూడా ఉంటారుగా ప్రెసిడెంటు గారూ."

"ఓటెయ్యటానికి వస్తున్నారు, ఓడ చూడటానికి రారా?"

ఫిలిప్ లిస్టు తీసుకుని, పైన ఒకసారి చూసి, తిరిగి చేతిలో పెట్టేశాడు. "నేను బుక్కులో అబద్ధం రాయనండీ."

"ఏం, నువ్వేమన్నా హరిశ్చంద్రుడివా?"

"కాదండీ. ఒకసారి డ్యూటీలో నిద్రపోయాను. దీపం ఆరిపోయి పదకొండు నిమిషాలు చీకటి. ఎవరూ చూళ్లేదు. పొద్దున్నే నేనే బుక్కులో రాశాను. మూడు నెలలు సస్పెండు చేశారు. అప్పుడు రాయని అబద్ధం ఇప్పుడు రాయమంటే, ఆ మూడు నెలలూ దండగేగా?"

వీరబాబుకి ఇట్టాంటి మనుషులు ఇంకా ఉన్నారన్న సంగతి కొత్త. ఫిలిప్‌ని ఎగాదిగా చూసి, మ్యూజియంలో ఓడని కాకుండా వీణ్ణి పెట్టాల్సిందని గొణుక్కుంటా వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి వచ్చింది. ఊరంతా ఎర్రబడే నెల. కోసిన కాయంతా కళ్లాల్లో పోసి ఎండబెట్టే రోజులు. అట్టాంటి రోజుల్లో మబ్బేసింది. రెండు పూటలు చినుకులు పడ్డయ్. నల్లరేగడి నేల. ఒకసారి తడిసిందంటే వారం దాకా చెమ్మ వదలదు. పైన పట్టాలు కప్పినా కింద నుంచి తడి లాగుద్ది, కాయ తెల్లబడి తాలైపోద్ది. తాలుకాయ మిర్చి యార్డుకి తీసుకెళ్తే కొనేవాడు మనిషి మొహం కూడా చూడడు.

కూలీ ఆడోళ్ల మేస్త్రి నస్రత్ కళ్లంలో నిలబడి మబ్బుని తిట్టింది. తర్వాత నేలని తిట్టింది. తిట్టటానికి ఇంకేమన్నా ఉందా అని తలెత్తి చూస్తే ఓడ కనపడింది. ఎత్తున, ఎర్రగా, ఇంటి డాబా అంత చెక్క డెక్కు. కింద నుంచి గాలి. చెమ్మ లేదు.

"బాబాయ్! నీ డాబా ఖాళీగా ఉందిగా," అంది కింద నుంచి.

"అది డాబా కాదు. డెక్కు," అన్నాడు ఫిలిప్ పైనుంచి.

"డెక్కే. ఖాళీనా కాదా?"

"ఇది మ్యూజియం అమ్మాయ్."

"అంటే?"

"జనం వచ్చి చూసేది."

నస్రత్ చుట్టూతా చూసింది. దూరంగా ఒక గేదె తల తిప్పింది. "ఏరీ?"

ఫిలిప్‌కి రోషమొచ్చింది. వీళ్లని ఎట్టా తరమాలా అని ఆలోచించి, తెలివైన పని అనుకుని ఒక షరతు పెట్టాడు. "ఎక్కితే ఎక్కండి. ఎక్కిన ప్రతి మనిషీ, ఎక్కిన ప్రతిసారీ పుస్తకంలో సంతకం పెట్టాలి. నేను చెప్పే ఓడ చరిత్ర మొత్తం వినాలి. ఇరవై నిమిషాలు. మధ్యలో దిగటానికి లేదు."

"ఇరవై నిమిషాలేనా? మా అత్త నోరు తెరిస్తే గంట. పెట్టు పుస్తకం."

ఇక్కడే ఫిలిప్ బోల్తాపడ్డాడు. కళ్లాల్లో పెరిగిన కొడుకే గానీ, ఎండేసిన కాయని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరగెయ్యాలన్న సంగతి మర్చిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు చేపల కూర తిన్నవాడికి గుర్తుండదు. నస్రత్ ముఠాలో నలభై రెండు మంది. రోజుకి రెండుసార్లు. మొదటి సాయంత్రమే పుస్తకంలో ఎనభై నాలుగు సంతకాలు పడినయ్. వేలిముద్రలు ఓ ముప్ఫై.

ఫిలిప్ కూడా మాట తప్పేవాడు కాదు. ప్రతి బ్యాచికీ మొదట్నించీ చెప్పాడు. దిబ్బ, గొలుసు, దీపం, తుపాను, పొగమంచులో మోగించే బూర, అన్నీ. ఆడోళ్లు కాయలు తిరగేస్తా, తొడిమలు తీస్తా వినేవాళ్లు. మూడోరోజుకి ఆయన కంటే ముందే చెప్పటం మొదలెట్టారు.

"ఇంజను లేదు, ఎక్కడికీ పోదు. మా ఆయన లాగా," అనేది ఒకామె.

"ముందు లంగరు సంగతి చెప్పు బాబాయ్, నిన్న ఎగ్గొట్టావు," అనేది ఇంకొకామె.

"పదకొండు నిమిషాలు నిద్రపోయింది చెప్పు. అది చెప్పేటప్పుడు నీ మొహం బాగుంటది," అనేది నస్రత్.

ఫిలిప్ పైకి విసుక్కునేవాడు. లోపల మాత్రం, ఇన్నేళ్లకి తన డ్యూటీ గురించి ఎవరో అడిగారని, ఇంటికెళ్లి రెబ్కా దగ్గర ప్రతి ముక్కా అప్పజెప్పేవాడు. రెబ్కా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వినేది. "నలభై ఏళ్లు నీ ఒంటిమీద ఉప్పు వాసన భరించాను. ఇప్పుడు మిరప ఘాటు. పోయేలోపల ఒక్కరోజన్నా సబ్బు వాసనతో ఇంటికి రావయ్యా."

మార్చి మొదట్లో వీరబాబు పుస్తకం చూడ్డానికొచ్చాడు. పదహారు వందల సంతకాలు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత చూపు మూడో గడి మీద పడింది. వచ్చిన పని: కాయలు తిరగెయ్యటానికి. కాయలు తిరగెయ్యటానికి. కాయలు తిరగెయ్యటానికి. నలభై పేజీలు అదే.

"ఓరి నీ నిజాయితీ తగలెయ్య! ఆ ఒక్క గడిలో 'ఓడ చూడటానికి' అని రాస్తే నీ సొమ్మేం పోయిందిరా?"

"వాళ్లు వచ్చింది కాయల కోసమేగా అండీ."

"పై ఆఫీసు నుంచి తనిఖీకొచ్చే ఆఫీసరమ్మ చూస్తే? మ్యూజియంలో కళ్లం పెట్టారని నిన్నూ నన్నూ కలిపి కోయిస్తది, ఓడతో పాటు. ఇట్టివ్వు, తెల్లకాయితం అంటిస్తాను ఆ గడి మీద."

ఫిలిప్ పుస్తకాన్ని గుండెలకి పట్టుకుని దీపం గదిలోకెళ్లి గడియేసుకున్నాడు. వీరబాబు బయట నిలబడి పావుగంట బతిమాలాడు, ఘాటుకి తుమ్ములొచ్చి వెళ్లిపోయాడు. కానీ లోపల కూర్చున్నవాడికీ ధైర్యం లేదు. వీరబాబు అన్నది తప్పు మాట కాదు. సంతకాలున్నయ్, సందర్శకులున్నారా? ఆ గడి తను రాసినంత కాలం ఓడ కోతకి దగ్గరవుతానే ఉంది. రాయకపోతే అది లాగ్‌బుక్కే కాదు. ఆ పూట దీపం అద్దం నాలుగుసార్లు తుడిచాడు. అద్దం మొదటిసారికే శుభ్రంగా ఉంది.

ఆఫీసరమ్మ నెలాఖరుకి వస్తానంది. అందుకని పంతొమ్మిదో తారీఖునే వచ్చేసింది. పేరు ధనశ్రీ. ముప్ఫై ఐదేళ్లుంటయ్, చేతిలో ఫైలు, కాళ్లకి తెల్ల బూట్లు. సరిగ్గా ఆ పొద్దున్నే ఫిలిప్ గొంతు పోయింది. నెల రోజులు రోజుకి నాలుగైదు బ్యాచిలు, ఆ ఘాటులో నోరు తెరిచి చెప్పినవాడికి గొంతు ఉంటదా? డాక్టరు పది రోజులు మాట్లాడొద్దన్నాడు. రెబ్కా ఆ చీటీని ఫ్రేము కట్టిస్తానంది.

ఆఫీసరమ్మ మెట్లెక్కింది. డెక్కు మీద మోకాలెత్తు ఎర్రటి కాయ. చుట్టూ నలభై రెండు మంది ఆడోళ్లు, ముక్కులకి గుడ్డలు కట్టుకుని. ఆవిడ ఏదో అడగాలని నోరు తెరిచింది. తుమ్మింది. మళ్లీ తెరిచింది. మళ్లీ తుమ్మింది. అట్టా పదకొండయినయ్. ఫిలిప్ పక్కనే నిలబడి మనసులో లెక్కపెట్టాడు. లెక్క అలవాటు ఎక్కడికి పోద్ది?

"ఏంటండీ ఇది?" అంది చివరికి, కళ్లెంబడి నీళ్లు కార్చుకుంటా.

ఫిలిప్ సైగ చేసి పుస్తకం ముందుపెట్టాడు. ముందు సంతకం. ఆవిడ వింతగా చూసి సంతకం చేసి, వచ్చిన పని దగ్గర 'తనిఖీ' అని రాసింది. రాసేటప్పుడు పైన పేజీ చదివింది. అవతల పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది.

వీరబాబు అప్పుడే పరిగెత్తుకుంటా వచ్చాడు, శాలువా, నిమ్మకాయలు పట్టుకుని. "మేడమ్, అది మా వాడికి చదువు తక్కువండీ. పొరపాటున..."

"మీరు ఆగండి. ఇవన్నీ నిజంగా మనుషులు వచ్చి పెట్టిన సంతకాలేనా?"

ఫిలిప్ తల ఊపి, డెక్కు మీదున్న ఆడోళ్లని చూపించాడు.

"మనుషులు ఇదిగో, సరే. వీళ్లకి ఓడ గురించి ఏమన్నా తెలుసా?" అని దగ్గర్లో ఉన్న నస్రత్ వైపు తిరిగింది. "ఏమ్మా, ఇదేంటో తెలుసా నీకు?"

నస్రత్ మొహం మీది గుడ్డ కిందకి లాగింది. ఫిలిప్ కళ్లు మూసుకున్నాడు.

"లైటు ఓడ మేడమ్. నీళ్ల కింద ఇసుక దిబ్బ ఉంటది. మంచి కాయలో తాలుకాయ దాక్కున్నట్టు, పైకి కనపడదు. వచ్చే ఓడలోడు తెలియక పోయి ఎక్కేస్తాడు. వాణ్ణి ఎక్కనియ్యకుండా కాపలా కాసేది ఇది."

"దీపం ఎప్పుడెప్పుడు వెలిగేది?"

"పది లెక్కపెట్టేలోపు ఒకసారి," అంది వెనకున్న ముసలామె. "మేం ఆ లెక్కనే కాయ తిరగేస్తాం. పదికో పార."

"దీపం ఎవరికీ కనపడనంత పొగమంచు పడితే?"

"బూర!" అన్నారు పదిమంది ఒకేసారి. ఒకామె ఊది కూడా చూపించింది. పొలంలో కొంగలు లేచినయ్.

"తుపాన్లో గొలుసు తెగి ఓడ పక్కకి కొట్టుకుపోతే?"

ఫిలిప్ కళ్లు తెరిచాడు. ఇది కష్టమైన ప్రశ్న. పైగా ఆయనకి గొంతు లేదు.

"దీపం ఆర్పెయ్యాలి," అంది నస్రత్. "తన చోట తను లేనప్పుడు దీపం వెలిగిస్తే, అది అబద్ధం చెప్పినట్టు. దాన్ని నమ్ముకుని వచ్చినోడు చస్తాడు. చోటు తప్పితే చీకట్లో ఉండాలి గానీ తప్పు దీపం పెట్టకూడదు."

ఆఫీసరమ్మ ఆ మాట ఫైల్లో రాసుకుంది. రాసుకుని అడిగింది, "ఎప్పుడన్నా చోటు తప్పకుండా ఆరిందా?"

ఆడోళ్లందరూ ఫిలిప్ వంక చూశారు. ఆయన తల కిందకి దించుకున్నాడు.

"ఆరింది. పదకొండు నిమిషాలు. ఇదిగో ఈ బాబాయ్ నిద్రపోయాడు. ఎవరూ చూడలా. తనంతట తనే బుక్కులో రాసుకుని మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు."

వీరబాబు నిమ్మకాయలు కిందపడేసుకున్నాడు. ఆఫీసరమ్మ పుస్తకం మళ్లీ తీసి, మొదటి పేజీ నుంచి చూసింది. నీడకి. ఫోటోకి. నల్లపాడు ఎటో అడగటానికి. గేదెలు: నాలుగు. అక్కడ నవ్వొచ్చి, నవ్వబోతే తుమ్మొచ్చింది.

"నేను ఏడాదికి పది మ్యూజియాల పుస్తకాలు చూస్తానండీ," అంది ముక్కు తుడుచుకుని. "అన్నిట్లో అందరూ 'చాలా బాగుంది, గర్వపడుతున్నాం' అనే రాస్తారు. సంతకాలన్నీ ఒకటే చేతిరాత. ఆ వచ్చినోళ్లని పట్టుకుని ఒక్క ప్రశ్న అడుగుదామంటే, ఒక్కడూ దొరకడు." ఫైలు తెరిచింది. "రెండువేల సంతకాలు ఉండాలన్నారు, ఉన్నయ్. ఎందుకు రావాలో మా కాయితంలో రాయలేదు. ఇంక మీ కాయలు దించమని రాయటానికి నాకైతే ఓపిక లేదు. నన్ను ముందు ఇక్కణ్ణించి దించండి."

వీరబాబు శాలువా కప్పటానికి ముందుకొచ్చాడు. ఆవిడ దాన్ని తీసుకుని ముక్కు తుడుచుకుంది.

మే నెలలో ఉత్తరం వచ్చింది. ఓడ ఉంటది. దాంతో పాటు పై ఆఫీసువాళ్లు నాలుగు రేకు బోర్డులు కూడా పంపించారు. 'ప్రదర్శన వస్తువులను తాకరాదు' అన్నదాన్ని సరిగ్గా కాయలు పోసే చోట కొట్టారు. దానికి నస్రత్ అన్నం క్యారేజీ తగిలించుకోవచ్చని వచ్చే ఏడాదికి చూసిపెట్టుకుంది. వీరబాబు కొత్త ఫ్లెక్సీ వేయించాడు, 'ఓడను కాపాడిన మన ప్రెసిడెంటు'. ఈసారి ఓడ బొమ్మకి చోటు చాల్లేదు.

అప్పటికి కాయ అంతా యార్డుకెళ్లిపోయింది. డెక్కు కడిగేశారు. ఊరు మళ్లీ నల్లబడింది. ఫిలిప్ గొంతు తిరిగొచ్చింది గానీ, వినేవాళ్లు లేరు. పుస్తకంలో మళ్లీ పాత కథే. 'ఉదయం ఎనిమిది. గాలి పడమర. వడగాలి. సందర్శకులు: లేరు.' ఓడ నిలబడింది, అది చాలు అనుకున్నాడు. అనుకుని, రోజూ హైవే వైపు చూస్తా కూర్చునేవాడు.

ఒకరోజు పొద్దున్నే నస్రత్ వచ్చింది. చేతిలో పార లేదు. పక్కన ఒక ముసలామె, గొడుగేసుకుని, దారి పొడుగునా ఏదో తిడతా వస్తోంది.

"మా అత్త, నసీమున్నీసా," అంది నస్రత్. "ఇరవై నిమిషాలు ఈమె నోరు మూసుకుని ఉండాలంటే జిల్లాలో ఈ ఒక్క చోటే ఉంది బాబాయ్. మధ్యలో దిగటానికి లేదన్నావుగా?"

"లేదు," అన్నాడు ఫిలిప్, లేచి నిలబడి. పుస్తకం తెరిచాడు. పెన్ను మూడో గడి మీద ఆగింది. "వచ్చిన పని ఏం రాయమంటావమ్మాయ్? అత్త నోరు మూయించటానికి అనా?"

"చూసి రాయి," అంది నస్రత్.

ఫిలిప్ గొంతు సవరించుకుని, ఈ ఓడకి ఇంజను లేదండీ, అని మొదలుపెట్టాడు. నస్రత్ చెయ్యడ్డం పెట్టింది.

"నువ్వు కూర్చో బాబాయ్. డాక్టరు చెప్పాడు. నేను చెబుతా."

చెప్పింది. దిబ్బ చెప్పింది, గొలుసు చెప్పింది, ముక్కు పట్టుకుంటే ఓడ గాలికెదురు నిలబడుద్దని, తోక పట్టుకుంటే మునుగుద్దని, తాడుకట్టిన మేకతో పోల్చి చెప్పింది. రెండుచోట్ల ఫిలిప్ కంటే బాగా చెప్పింది, అది ఆయన రెబ్కా దగ్గర కూడా ఒప్పుకోలేదు. నసీమున్నీసా గొడుగు మడిచి మొత్తం వింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఇరవై నిమిషాలూ అయినయ్. నస్రత్ గెలిచినట్టు ఫిలిప్ వంక చూసింది.

అప్పుడు ముసలామె మెల్లగా ఓడ తోక దాకా నడిచి వెళ్లి, కమ్మీ పట్టుకుని కిందకి తొంగి చూసింది.

"ఏమయ్యా," అంది గట్టిగా. "లంగరు ముక్కుకుండాలని మా కోడలికి తెలుసు, నీకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలిసింది. మరి దాన్ని ఈ తోక దగ్గర తెచ్చిపడేసిన సన్నాసి ఎవడు?"

లారీ డ్రైవర్లొచ్చారు, ఎల్‌ఐసీ ఏజెంటొచ్చాడు, ఆఫీసరమ్మ వచ్చి రెండువేల పేర్లూ తిరగేసింది. ఈ మాట ఒక్కళ్లూ అడగలేదు. ఫిలిప్ నవ్వాపుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మూడో గడిలో గుండ్రంగా, తొందర లేకుండా రాశాడు.

'ఓడ చూడటానికి.'

"ఇటివ్వు, వేలిముద్ర వేస్తాను," అంది నసీమున్నీసా. "ఆ ప్రెసిడెంటుని కూడా పిలిపించు. వాడికి నా ఇరవై నిమిషాలు ఇంకా మొదలవలేదు."